పార్శ్వపునొప్పి విడిచిన మఱునాడు



ఇంటిలో నొక స్త్రీకి జ్వరము వచ్చి తగ్గినచో, మఱునా డామెకు నీరసముగా నుండునని యెల్లరు నెఱుగుదురు. పథ్యము పెట్టుదురు. నీళ్ల బిందె నెత్తనీయరు. "నిన్ననే గదా జ్వరం విడిచింది, కూర్చో" యని పెద్దలే మందలింతురు. ఆ స్త్రీకే పార్శ్వపునొప్పి వచ్చి, రాత్రి యంతయు వేధించి, తెల్లవాఱుసరికి విడిచెనేని, ఆ మన్నన దొరకదు. "నొప్పి పోయింది గదా, ఇంకేమి?" యని యొక్కమాట యని, చీపురు, పొయ్యి, పచారి లెక్కలు, పిల్లల చదువు అన్నియు నామెకే యప్పగింతురు. ఆమెయు నిజముగా పోయినదనియే తలచి లేచును. లేచిన తరువాత కాళ్లు తేలిపోవుచున్నట్లుండును. పొయ్యిమీద పాలు పెట్టి మఱచును. ఒక బిడ్డను పిలువబోయి మఱియొక బిడ్డ పేరు పలుకును. మధ్యాహ్నమునకు కారణము లేకుండ కన్నీరు వచ్చును. ఏమైనదని యడిగిన, చెప్పుటకు నొప్పి లేదు. లేదని చెప్పుటకు ఒడలిలో సుఖము లేదు.

ఈ నెల యీ మఱునాటిని గూర్చి వ్రాయుచున్నాను. తలలో నొప్పి విడిచినంతమాత్రమున వ్యాధి విడిచినట్లు కాదు. ఆ మఱునాడు కూడ వ్యాధిలోని భాగమే. ఈ సంగతి రోగి యెఱుగకున్న తన్ను తాను నిందించుకొనును. ఇంటివారెఱుగకున్న ఆమెను సోమరి యందురు. అంతకంటె పెద్ద హాని మఱియొకటి కలదు, దానిని ముందు వివరింతును.

పార్శ్వపునొప్పి నేటి నాగరికతతో వచ్చిన వ్యాధి కాదు. సుశ్రుతసంహితలోని యుత్తరతంత్రమున శిరోరోగములు పదునొకండని లెక్కించి, వానిలో నర్ధావభేదక మనుదానిని చెప్పియున్నారు. తలలో సగమును చీల్చునది యని యా పేరునకు భావము. చరకసంహితలోను నది కలదు. ఇప్పుడు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో మందుల దుకాణమువాడు సయితము మైగ్రేన్ అనియే యనుచున్నాడు. పేరేదైనను వ్యాధి యొకటియే. ఇది సామాన్యమైన తలనొప్పి హెచ్చగుట కాదు. మెదడునకు సంబంధించిన వేఱొక వ్యాధి. చాలమందికి వంశములో వచ్చుచుండును.

వైద్యులు దీనిని నాలుగు దశలుగా విభజింతురు. అన్ని దశలు అందఱికి రావు. మొదటిది నొప్పికి ముందటి దినము: ఆవులింతలు, మెడ పట్టుట, తీపిమీద కోరిక, ఊరక విసుగు. రెండవది కొందఱికే వచ్చును: కన్నుల యెదుట మెఱుపుగీతలు, చూపులో నొక ప్రక్క మసక, వ్రేళ్లలో తిమ్మిరి. మూడవది నొప్పి. మందు వాడకున్నచో నది 4 గంటలు మొదలు 72 గంటలవఱకు నుండవచ్చును. వాంతి, వెలుతురును శబ్దమును సహింపలేకుండుట దానితో వచ్చును. నాలుగవది మన మఱునాడు. ప్రపంచమందలి తలనొప్పి వైద్యుల సంఘము 2018లో ప్రకటించిన వర్గీకరణములో, నొప్పి విడిచిన తరువాత 48 గంటలవఱకు నీ దశ యుండవచ్చునని స్పష్టముగా వ్రాసినారు. కావున మఱునాటి నీరసము వట్టి సాకు కాదు. వైద్యగ్రంథములలో పేరుగలిగిన దశ యది.

2016లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, 120 మంది రోగులు తమ స్థితిని ఏ పూట కాపూట వ్రాసికొనిరి. వారిలో 97 మందికి నొప్పి విడిచిన తరువాత కూడ ఏదో యొక లక్షణము మిగిలినది. ముఖ్యముగా కనబడినవి మూడు: అలసట, మనస్సు నిలువకుండుట, మెడ బిగువు. నిలుకడగల యూరట యిందులోనే యున్నది: నూటికి తొంబదికి మించిన సందర్భములలో 24 గంటలలోపల రోగులు మామూలు స్థితికి వచ్చిరి. పాలు పొంగిపోయినదని, పేరు మఱచితినని తన బుద్ధి చెడిపోవుచున్నదేమో యని భయపడు సోదరి యీ మాటను గుర్తుంచుకొనవలెను. ఈ మఱపు మేఘము వంటిది, తొలగిపోవును.

ఇట్లేల జరుగును? 1944లో బ్రెజిల్ దేశస్థుడగు లియావో యను పండితుడు మెదడు పైపొరమీద నొక విద్యుత్తరంగము పుట్టి మిక్కిలి మెల్లగా ప్రాకుననియు, అది పోయినచోట కణములు కొంతసేపు నిశ్చేష్టముగా నుండుననియు కనుగొనెను. దాని వేగము నిమిషమునకు రెండు మూడు మిల్లీమీటరులు మాత్రమే. కన్నుల యెదుట మెఱుపుగీతలు మెల్లగా ప్రక్కకు జరుగుటకు నిదియే కారణమని తరువాతివారు నిర్ణయించిరి. 1995లో జర్మనీ దేశపు వైద్యులు పార్శ్వపునొప్పి వచ్చియున్న తొమ్మండుగురి మెదడులను చిత్రించి చూచిరి. మెదడు క్రింది కాండమున నొకచోట వ్యాపారము హెచ్చుగా నుండెను. సుమాట్రిప్టాన్ అను మందిచ్చి నొప్పిని పోగొట్టి మరల చూడగా, నొప్పి పోయినను ఆ చోట వ్యాపారము తగ్గలేదు. మన పొయ్యితో పోల్చి చెప్పవలెనన్న, మంట యాఱినది గాని నిప్పుకలు చల్లారలేదు. మఱునాడు వంగినపుడో, దగ్గినపుడో, తల వేగముగా త్రిప్పినపుడో నొప్పియున్న చోటనే యొక క్షణము చుఱుక్కుమనుట చాలమంది యెఱిగినదే.

ఈ బాధ యెంతమందికి కలదు? మన నడిగడ్డకు ఎల్లయైన కర్ణాటక రాష్ట్రమున, బెంగుళూరు నగరమునందును చుట్టుప్రక్కల పల్లెలయందును జరిగి 2015లో ప్రకటింపబడిన పరిశీలనలో, వయస్సు వచ్చినవారిలో నూటికి సుమారు 25 మందికి ఆ సంవత్సరకాలమున పార్శ్వపునొప్పి వచ్చినట్లు తేలినది. పురుషులకంటె స్త్రీలలో నది చాల హెచ్చు. శరీరములోని స్త్రీ హార్మోను తగ్గునపుడు నొప్పి రేగును. అందుచేతనే బహిష్టునకు రెండు దినములు ముందునుండి మూడవ దినమువఱకు పలువురికి వచ్చుచుండును. ఆ దినములలో వచ్చు నొప్పి తక్కిన వానికంటె దీర్ఘముగాను కఠినముగాను నుండుట కద్దు. మన గృహములలో నలుగురు స్త్రీలున్న, వారిలో నొక్కరైన దీనిని మోయుచుండవచ్చును. బయటికి చెప్పరు, అంతే.

ఇక మఱునాటిని గడుపు విధము. ఈ దినమునకే ప్రత్యేకముగా నిర్ణయింపబడిన మాత్ర యేదియు లేదు. ఒడలికి తన పని తాను చేసికొను వ్యవధి నిచ్చుటయే చికిత్స.

మొదట నీరు, ఆహారము. ముందటి దినము వాంతులయి యుండును, అన్నము ముట్టియుండరు. మఱునాడు ఉదయమే కొద్దికొద్దిగా నీరు త్రాగవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, జొన్నజావ, మెత్తని పెరుగన్నము మంచివి. మన ప్రాంతమున ఉదయమే జొన్నరొట్టెలు తట్టుట యలవాటు. ఆ చప్పుడును పెనము వేడియు ఆనాడు తలకు తగవు. ఆ పూట రొట్టెల పని యింకొకరు చేసినచో నింటి మర్యాదకు లోపము రాదు. కాఫీ టీలు అలవాటున్నవారు ఎప్పటివలె నొకమాఱు త్రాగవచ్చును. ఉత్సాహముకొఱకు నాలుగైదుమాఱులు త్రాగినచో రాత్రి నిద్ర చెడి, నొప్పి మరల తలుపు తట్టును.

ఉపవాసమును గూర్చి యొక మాట. శ్రావణ శుక్రవారములు, ఏకాదశులు, కార్తిక సోమవారములు మనకు ముఖ్యములు. కాని భోజనకాలము తప్పుట పార్శ్వపునొప్పిని రేపు కారణములలో నొకటి. నొప్పి విడిచిన మఱునాడు ఉపవాసము చేయుట నిప్పుకలమీద విసనకఱ్ఱ వీచుటయే. వ్యాధిగ్రస్తులకును బాలలకును వృద్ధులకును ఉపవాస నియమము సడలించుట మన ధర్మశాస్త్రకర్తల యాచారము. ఫలమో పాలో గైకొని పూజ చేసికొన్న, వ్రతభంగము కాదు.

రెండవది నిద్ర. పగలు అరగంటయో గంటయో కనులు మూసికొనవచ్చును. సాయంకాలమువఱకు పడుకొనిన రాత్రి నిద్ర రాదు. ఎప్పటి వేళకే పడుకొని యెప్పటి వేళకే లేచుట యీ వ్యాధికి గొప్ప మేలు. చేతిఫోను వెలుతురు ఆనాటి కన్నులకు ముల్లువంటిది. దానిని దూరముగా నుంచవలెను.

మూడవది తల. నొప్పి విడిచినను కపాలముమీది చర్మము పుండువలె నుండుట గలదు. దువ్వెన తగిలిన బాధించును. ఆనాడు జడ బిగించి యల్లరాదు. వదులుగా ముడి వేసికొనిన చాలును. మల్లెలదండ, సాంబ్రాణి, అగరువత్తి తక్కిన దినములలో నెంత ప్రియములైనను, ఆ వాసనలు ఆనాడు గిట్టకపోవచ్చును. నుదుట శొంఠిగంధము పెట్టుకొనుట మన పెద్దల యలవాటు. హాయిగా నున్నవారు పెట్టుకొనవచ్చును గాని, చర్మము మండుచున్న వెంటనే కడిగివేయవలెను.

నాలుగవది పని. ఏ పనియు చేయకూడదని నేననను. మెల్లగా నడచుట, బట్టలు మడచుట, బియ్యము చెఱుగుట వంటివి చేయుచుండిన మనస్సు తేరుకొనును. తప్పింపవలసినవి వేఱు: కాగిన నూనె, కత్తిపీట, గ్యాసు పొయ్యిని విడిచి పోవుట, స్కూటరు నడుపుట, డబ్బు లెక్కలు, పిల్లలకు మందు కొలిచి పోయుట. మనస్సు నిలువని దినమున నీ పనులలో ప్రమాదముండును. పెద్ద నిర్ణయములును, పాత తగవుల పరిష్కారమును రెండు దినములు వాయిదా వేసికొనుటయే మేలు. ఆ దినమున వచ్చు దుఃఖము వ్యాధి తెచ్చిన దుఃఖము. దానిని నమ్మి యెవరితోను మాట తెగద్రెంచుకొనరాదు. ఆ దుఃఖము వారములకొలది పోకున్నచో నది వేఱు విషయము, వైద్యునితో చెప్పవలెను.

ఇదంతయు ఇంటిపట్టున నుండువారికి కుదురును. కూలికి పోవువారి గతి యేమని యెవరైన నడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. గద్వాల ప్రాంతమున విత్తనపత్తి చేలలో క్రాసింగు పని స్త్రీలచేతిమీదనే నడుచుచున్నది. మధ్యాహ్నము మొగ్గ విప్పి పుప్పొడి భాగమును గోటితో తీసివేయుట, మఱునాటి యుదయము మగపూవు పుప్పొడిని దానికి రాచుట, వేలకొలది పూవులకు నెండలో నిలిచి చేయవలసిన పని. చూపు నిలువని దినమున నది కడు కష్టము. గద్వాల చీర నేయు నిండ్లలో కండెలు చుట్టుట మొదలు అంచు దారముల లెక్కవఱకు నన్నియు కన్నులమీది పనులే. వారికి దినము విడుచుట దినపు కూలి విడుచుటయే. అయినను సాధ్యమైనది కొంత కలదు. తలకు తడిబట్ట చుట్టుకొనుట, నీటిసీసా వెంట నుంచుకొనుట, గంటకొకమాఱు నీడకు వచ్చుట, తోడివారితో నానాటికి పని మార్చుకొనుట. చేను గలవారును మగ్గము గలవారును ఈ వ్యాధిని సాకుగా తలంపక యొకపూట నీడపట్టు పని యిచ్చిన, వారికి నష్టము స్వల్పము. తడబడు చేతితో చేసిన క్రాసింగు కంటె, తప్పిన దారముల యంచు కంటె, అది తక్కువ నష్టమే.

బడికి పోవు బాలికల సంగతియు నిదియే. పిల్లలకు నీ నొప్పి పెద్దలకంటె తక్కువ కాలముండి పోవుట కద్దు. కాని మఱునాడు తరగతిలో కూర్చున్న బిడ్డకు నిన్నటి పాఠము గుర్తురాదు. మా గృహమున నుపాధ్యాయ వృత్తి యుండుటచే నీ మాట గట్టిగా చెప్పగలను: తల్లి యొక చిన్న చీటి వ్రాసి పంపినచో నుపాధ్యాయుడు తెలిసికొనును, చీటి లేనిచో మందమతి యని తలంచును. ఆ బిడ్డ మనస్సులో నా మాట నొప్పికంటె నెక్కువకాల ముండును.

ఇప్పుడు ముందు చెప్పెదనన్న పెద్ద హాని. మఱునాటి నీరసమును ఇంటివారు మన్నింపకున్న, స్త్రీ యేమి చేయును? పని చేయగల శక్తికొఱకు మరల నొక మాత్ర మ్రింగును. నొప్పి లేకున్నను, వచ్చునేమో యని మ్రింగును. దుకాణమున చీటి లేకుండ దొరకుచున్నవి. ఇట్లు నెలకు 15 దినములు, అంతకు మించి, పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ వంటి సామాన్యపు మాత్రలు గాని, నెలకు 10 దినములు, అంతకు మించి, ట్రిప్టానులు, ఎర్గోటమిన్, పలుమందులు కలిపిన మాత్రలు గాని మూడు నెలలకు మించి వాడినచో, ఆ మాత్రలే నిత్యపు తలనొప్పిని పుట్టించును. మందే వ్యాధియగును. అప్పుడు నెలకు రెండుమాఱులు వచ్చు నొప్పి దినదినము వచ్చును. మఱునాడు ఒకపూట విశ్రాంతి నీయని యిల్లు, కొన్ని నెలలకు రోజువిడిచి రోజు పడుకొను గృహిణిని చూడవలసి వచ్చును. మాత్ర వేయవలసిన సమయము నొప్పి యారంభము. మఱునాటి యలసటకు మాత్ర వేయరాదు.

దీనికొఱకు వ్యయము లేని సాధన మొకటి కలదు. గోడకు వ్రేలాడు తెలుగు క్యాలెండరులో నొప్పి వచ్చిన దినమున నొక గీత, మఱునాటి మందకొడి దినమున నొక సున్న, మాత్ర వేసిన దినమున నొక చుక్క పెట్టవలెను. బహిష్టు దినములను గూడ గుర్తింపవలెను. మూడు నెలలు గడచిన పిమ్మట ఆ కాగితములను వైద్యునికి చూపవలెను. చాలమంది స్త్రీలు నొప్పి దినములను మాత్రమే చెప్పుదురు. "నెలకు మూడుసార్లు" అందురు. సున్నలను గూడ కలిపిన ఆఱు దినములగును. వైద్యుడు నివారణపు మందు మొదలిడవలెనా యని నిర్ణయించుట కా లెక్క యుపయోగించును. వనపర్తి, నాగర్‌కర్నూలులందు 2022లోను, గద్వాలయందు 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలైనవి. వానికి చేరిన యాసుపత్రులలో నీ విషయమును చెప్పుకొనవచ్చును. నివారణపు మందులలో గొన్ని, ముఖ్యముగా వాల్‌ప్రోయేట్, టోపిరామేట్, గర్భస్థ శిశువునకు హాని చేయును. కావున గర్భము ధరించు వయస్సులోనివారు ఆ మాటను తామే యడుగవలెను. కన్నుల యెదుట మెఱుపుగీతలు వచ్చువారు ఈస్ట్రోజెన్ గల కుటుంబనియంత్రణ మాత్రలు వాడుటకు ముందు వైద్యునితో తప్పక చెప్పవలెను. వారికి పక్షవాతపు భయము కొంత హెచ్చు.

ప్రతి తలనొప్పియు పార్శ్వపునొప్పి యని యూరకుండరాదు. క్షణములో పిడుగుపడినట్లు వచ్చిన నొప్పి, జ్వరముతో మెడ బిగియుట, కాలు చేయి పడిపోవుట, మాట తడబడుట, మూర్ఛ, తలకు దెబ్బ తగిలిన పిమ్మట వచ్చిన నొప్పి, గర్భవతికిగాని బాలింతకుగాని క్రొత్తగా వచ్చిన నొప్పి, 50 యేండ్లు దాటినవారికి మొదటిసారి వచ్చిన నొప్పి - వీనిలో నేదియున్నను శొంఠియు దిష్టియు చాలవు. వెంటనే 108కి ఫోను చేయవలెను. 72 గంటలు దాటినను విడువని నొప్పికి గూడ వైద్యుని చూడవలెను.

అత్తగార్లకును గృహయజమానులకును మనవి. జ్వరము విడిచిన కోడలికి మీరిచ్చు నొక దినమునే పార్శ్వపునొప్పి విడిచిన కోడలికిని దయచేయుడు. "తగ్గిందా?" యని యడుగుటకు మాఱుగా "తేరుకున్నావా అమ్మా?" యని యడుగుడు. మొదటి ప్రశ్నకు తగ్గినదని చెప్పి యామె లేచిపోవును. రెండవ ప్రశ్నకు నిజము చెప్పును. సోదరీమణులు తామును ఆ ప్రశ్నను తమకు తామే వేసికొని, లేదని తోచినచో సిగ్గుపడక, "ఈ పూట నాకు తెరపి లేదు, రేపటికి సర్దుకొంటాను" అని చెప్పుట యభ్యసింతురుగాక.